డబ్బాలోని ఎండుమిరపకాయ నుంచి మిద్దె మీది నాగా మిర్చి దాకా

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం మిద్దెతోటల వాళ్ళం కలుసుకున్నప్పుడు మాలో ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా అండీ? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఎండ ముదరకముందే మొదలుపెట్టేద్దాం.

ముందు ఈ పళ్ళెం చూడండి. ఇలా చేతులు మారుతూ వెనకదాకా వెళ్ళనివ్వండి. కాయలు పట్టుకుని చూడండి, వాసన చూడండి. ఆ మూలన ముడతలు ముడతలుగా ఎర్రగా ఉంది చూశారూ, దాన్ని మాత్రం గిల్లకండి. గిల్లిన చేత్తో కన్ను నలుపుకుంటే ఇవాళ్టి రోజంతా పోతుంది. పిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

ఇందులో 7 రకాలు ఉన్నాయి. అన్నీ మా మిద్దె మీద కాసినవే. ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో మిరపకాయలు ఎన్ని రకాలు? పచ్చిమిర్చి, ఎండుమిర్చి, బజ్జీ మిర్చి. అంతేగా? మా ఇంట్లోనూ అంతే ఉండేది. రోజుకి రెండు పూటలా కారం తినేవాళ్ళం మనం. కారం లేని ముద్ద దిగదు మనకి. అయినా ఆ కాయ గురించి మనకి తెలిసింది ఎంత? నా మటుకు నాకు ఏమీ తెలియదని, మొక్క పెట్టాకే తెలిసింది. అదే చెబుదామని వచ్చాను.

నేను పుట్టింది గుంటూరు పక్క పల్లెలో. మిరప పండించే ఇల్లు మాది. సంక్రాంతి వెళ్ళాక ఊరి బయట కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. ఎండలో కాయ ఎండుతుంటే ఆ కోరు గాలిలో తేలి వచ్చి గొంతులో పట్టేది. ఊరంతా దగ్గే. బడి నుంచి వచ్చాక తాలుకాయలు ఏరడం మా పిల్లల పని. తాలుకాయ అంటే తెలుసుగా, రంగు పోయి తెల్లగా పాలిపోయిన కాయ. మంచి కాయలో అది కలిస్తే ధర పడిపోతుంది. సాయంత్రానికి వేళ్ళు మండిపోయేవి. అమ్మ నూనె రాసి పడుకోబెట్టేది, అయినా నిద్ర పట్టేది కాదు.

అందుకని, ఉద్యోగం వచ్చి ఈ ఊరు వచ్చాక, మిద్దె మీద మందారాలు పెట్టాను, మల్లె పెట్టాను, తోటకూర, టమాటా, దొండ పందిరి, అన్నీ పెట్టాను. మిరప పెట్టలేదు. ఇరవై ఏళ్ళు పెట్టలేదు. ఆ మొక్కతో నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత 2020 వచ్చింది. లాక్‌డౌన్. మా వీధిలోకి కూరగాయల బండి రావడం మానేసింది. ఒకరోజు పోపులోకి పచ్చిమిర్చి లేదు. పోపుల డబ్బాలో ఎండుమిరపకాయలున్నాయి. రెండు విరిచాను. గింజలు రాలాయి. ఏమనిపించిందో, వాటిని పారెయ్యబుద్ధి కాలేదు. పగిలిన బక్కెట్టులో మట్టి ఉంటే అందులో చల్లి పైన కాస్త మట్టి కప్పాను. 8వ రోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే మొలకలు. మిరప మొలక చూశారా ఎప్పుడైనా? మెడ వంచుకుని లేస్తుంది. లేచేటప్పుడు గింజ పెంకుని నెత్తిన టోపీలా పెట్టుకుని వస్తుంది. మధ్యాహ్నానికి ఆ టోపీ రాలిపోయి రెండు ఆకులు విచ్చుకుంటాయి. చిన్నప్పుడు మా నారుమడిలో లక్షల మొలకలు లేచి ఉంటాయి. ఒక్కదాన్నీ కూర్చుని చూసిన గుర్తు లేదు నాకు.

అలా మొదలైంది. ఒక బక్కెట్టు 4 కుండీలైంది, 4 కుండీలు 12 అయ్యాయి. ఇప్పుడు మా మిద్దె మీద మిరప కుండీలే 43. మా వారు ఇంక చాలంటారు. నాకు ఇంకో నాలుగు రకాలు పెట్టాలని ఉంది.

అయితే మొదటి ఏడాది ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. జూలైలో వానలు పడ్డాయి, మొక్కలు మోకాలెత్తు వచ్చాయి, పూత మొదలైంది. ఉన్నట్టుండి ఆకులు ముడుచుకుపోయాయి. నాకు టెన్షన్. దగ్గర్లో ఒక మందుల కొట్టుకి వెళ్ళి, మిరపకి ముడత వచ్చిందండీ అన్నాను. ఆయన ఏమీ అడగలేదు. ఒక సీసా ఇచ్చి, లీటరు నీళ్ళకి ఒక మూత పొయ్యమన్నాడు. నేనూ ఏమీ అడగలేదు. తెచ్చి మధ్యాహ్నం ఎండలో కొట్టాను. మర్నాటికి ఆకులు మాడిపోయాయి. నాలుగింట్లో మూడు మొక్కలు పోయాయి.

సాయంత్రం మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఊళ్ళో వ్యవసాయం ఆయనే చూస్తాడు. జరిగింది చెబుతుంటే మధ్యలో ఆపి ఒక్కటే అడిగాడు. "అమ్మాయ్, ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా?" నాకు తెలియదు. చూడలేదు. "చూడకుండా మందు ఎట్టా కొట్టావే?" అన్నాడు. వీడియో కాల్ పెట్టి, బతికిన ఆ ఒక్క మొక్క ఆకు తిప్పి చూపించమన్నాడు.

ఇది జాగ్రత్తగా వినండి, మీకు బాగా పనికొస్తుంది. మిరప ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే, అది తామర పురుగు. పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి, పడవని బోర్లించినట్టు ఉండి, ఆకు కాడ పొడుగ్గా సాగితే, అది నల్లి. కింది ముడత. ఈ రెండూ కాకుండా ఆకు చిన్నదైపోయి, బొబ్బలు బొబ్బలుగా లేచి, మొక్క గిడసబారిపోతే, అది వైరస్. బొబ్బర తెగులు అంటారు మావాళ్ళు. తెల్లదోమ మోసుకొస్తుంది. మొదటి దానికీ రెండో దానికీ చెయ్యగలిగింది ఉంది. మూడోది వస్తే మొక్కకి వైద్యం లేదు. పీకి సంచిలో కట్టి పారెయ్యాలి, లేకపోతే పక్క మొక్కలకి పాకుతుంది. మూడూ చూడటానికి ముడతే. మూడింటికీ ఒకే సీసా పనిచేస్తుందా చెప్పండి?

తామర పురుగు కంటికి ఆనదు. చిన్న గీతంత ఉంటుంది. నేను చేసేదేమిటంటే, ఒక తెల్ల కాగితం కొమ్మ కింద పెట్టి కొమ్మని వేలితో రెండు దెబ్బలు వేస్తాను. కాగితం మీద గీతల్లాంటివి పడి కదులుతుంటే పురుగు ఉన్నట్టు. నీలం రంగు జిగురు అట్టలు తామర పురుగుకి, పసుపు అట్టలు తెల్లదోమకి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలవడానికి రెండు చుక్కల సబ్బునీళ్ళు. కొట్టేది ఎప్పుడు? సాయంత్రం, ఎండ పోయాక. ఎక్కడ? ఆకు వెనక. పైన కొట్టి లాభం లేదు, అవి ఉండేది వెనకే. నల్లికైతే గంధకం పొడి ఉంటుంది, నీళ్ళలో కలిసేది, లీటరుకి 3 గ్రాములు. అదీ ఎండ బాగా ఉన్న రోజుల్లో వద్దు, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన దగ్గర్లోనూ వద్దు, రెండు వారాలు ఎడం ఉండాలి.

ఆ ఫోన్ తర్వాత నాకు ఒక అలవాటు పడింది. రోజూ పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కుతాను. ఒక్కో మొక్క దగ్గరా ఆగి, మూడు ఆకులు తిప్పి చూస్తాను. లేతది ఒకటి, నడిమిది ఒకటి, ముదురుది ఒకటి. అరగంట పడుతుంది. ఆ అరగంటలోనే మిరప మీద ఇష్టం పెరిగింది నాకు. ఆకు చూడటం మొదలుపెడితే పువ్వు కనిపిస్తుంది. పువ్వు చూస్తే కాయ లోపల ఏముందో చూడాలనిపిస్తుంది.

పువ్వు గురించి చెబుతాను. 2022లో మా అమ్మాయితో పనిచేసే ఒకమ్మాయి కోహిమా నుంచి వస్తూ ఎండిన నాగా మిర్చి 4 కాయలు తెచ్చింది. నాగాలాండ్‌లో రాజా మిర్చి అంటారట, అస్సాంలో భూత్ జోలోకియా. నాగా మిర్చికి 2008లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ప్రాంతపు పంట అని చెప్పే జీఐ ట్యాగ్. సరే, గింజలు పెట్టాను. మనవాటిలాగే వారంలో వస్తాయనుకున్నాను. 10 రోజులు, లేదు. 15 రోజులు, లేదు. డిసెంబరు, రాత్రిళ్ళు చలి. గింజకి వెచ్చదనం సరిపోవట్లేదని తోచింది. ట్రే తెచ్చి టీవీ పక్కన సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టాను, అది ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది కదా. పైన ప్లాస్టిక్ కవరు కప్పాను. 26వ రోజున ఒక్క గింజ మెడ వంచుకుని లేచింది. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. మా కోడలు ఫొటో తీసింది.

ఆ మొక్క పూత పూసినప్పుడు ఒక తేడా కనిపించింది. మన గుంటూరు రకాల్లో మామూలుగా కణుపుకి ఒక్క పువ్వు, తెల్లగా. దీనికి ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు పూలు, కొంచెం పచ్చదనం కలిసిన తెలుపు, తల కిందికి వేలాడేసుకుని. ఎందుకిలా ఉందని చదవడం మొదలుపెట్టాను. మిరపలో మనుషులు సాగులోకి తెచ్చుకున్న జాతులు 5 ఉన్నాయని అప్పుడు తెలిసింది. మన సన్నాలు, తేజ, బజ్జీ మిర్చి, కారమే లేని క్యాప్సికం, ఇవన్నీ ఒకే జాతి, యాన్యుమ్. ఆలోచించండి, మిర్చి బజ్జీ, క్యాప్సికం, గుంటూరు కారం, మూడూ అక్కచెల్లెళ్ళు. కేరళ కాంతారి మిర్చి, గోరంత ఉండి ఆకాశం వైపు చూస్తూ కాస్తుంది, అది ఫ్రూటెసెన్స్. హబనేరో, మన నాగా మిర్చి ఉన్నది చైనెన్స్. పువ్వు రేకుల మీద పసుపుపచ్చ మచ్చలుంటే బకాటమ్. ఊదా రంగు పువ్వూ నల్ల గింజా ఉంటే ప్యుబెసెన్స్, అది కొండల మీద చల్లదనానికి అలవాటు పడ్డది. రెండుసార్లు ప్రయత్నించాను, మన ఎండకి నిలవలేదు. ఊటీ, కూనూరు వైపు ఎవరైనా చుట్టాలుంటే వాళ్ళ చేత పెట్టించండి.

చైనెన్స్ అంటే చైనాది అని అర్థం. చైనాది కాదది. 1776లో జాక్విన్ అనే శాస్త్రజ్ఞుడు అలా పొరపడి పేరు పెట్టేశాడు, అది అలాగే ఉండిపోయింది. అన్ని మిరపలదీ పుట్టిల్లు అమెరికా ఖండాలే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా మన దేశంలో మిరపకాయ లేదు.

నమ్మబుద్ధి కావట్లేదు కదూ? నాకూ కాలేదు. మరి అంతకుముందు మనవాళ్ళు కారానికి ఏం వాడారు? మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. పేర్లలోనే ఉంది చూడండి. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మన మిరియాన్నీ మిరపనీ పక్కపక్కన పెట్టి పలికి చూడండి. కొత్తగా వచ్చిన కాయకి ఇంట్లో ఉన్న పాత గింజ పేరే పెట్టుకున్నాం. బయటి నుంచి వచ్చిన పంట, నాలుగైదు వందల ఏళ్ళలో మన నోటికి ఎంత దగ్గరైపోయిందంటే, కారం అన్న మాటకి ఇవాళ మిరప్పొడి అనే అర్థం. కారం డబ్బా అందుకో అంటే ఎవరైనా మిరియాల పొడి ఇస్తారా?

ఇప్పుడు కాయ లోపలికి వెళ్దాం. ఇదిగో, ఈ తేజ కాయని నిలువుగా చీరుస్తున్నాను. ముందువాళ్ళు దగ్గరికి రండి. రండి అక్కయ్యా, పర్వాలేదు. గింజలు కనిపిస్తున్నాయా? అవి అంటుకుని ఉన్న తెల్లటి ఈనె కనిపిస్తోందా? కాయలో కారం ఎక్కడుంది? గింజలో అంటారు అందరూ. నేనూ అరవై ఏళ్ళు అదే అనుకున్నాను. కారం పుట్టేది ఆ తెల్లటి ఈనెలో. గింజ దానికి ఆనుకుని ఉండటం వల్ల కాస్త అంటుకుంటుంది, అంతే. కారం తగ్గాలంటే గింజలు దులపడం కాదు, ఆ ఈనె గీకెయ్యాలి. నాగా మిర్చి అయితే ఇంకో విశేషం. దాన్ని ఇంట్లో గ్లౌజులు వేసుకుని చీరి, భూతద్దంతో చూశాను. ఈనె మీదే కాదు, కాయ గోడ లోపలివైపు కూడా పసుపుపచ్చటి చిన్న చిన్న నూనె పొక్కులున్నాయి. అందుకే దానికి అంత ఘాటు. ఈనె తీసేసినా తగ్గదు.

ఆ కారం పదార్థం పేరు క్యాప్సైసిన్. దాన్ని కొలిచే పద్ధతి 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా మందుల శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలుపుతూ, ఇంకా ఇంకా పల్చన చేస్తూ, కొందరి చేత రుచి చూపిస్తూ పోవడం. ఎన్ని రెట్లు పల్చన చేస్తే మంట తెలియకుండా పోతుందో, అదే లెక్క. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు, పేరు మాత్రం ఆయనదే. క్యాప్సికం సున్నా. మన గుంటూరు సన్నం సుమారు 35 వేల నుంచి 40 వేలు. మన ఈశాన్యపు భూత్ జోలోకియా 10 లక్షలు దాటి, 2007లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. తర్వాత ఆ రికార్డు కరోలినా రీపర్ అనే రకానికి, 2023లో పెప్పర్ ఎక్స్ అనే రకానికి వెళ్ళింది, దానిది 26 లక్షల 93 వేలు. ఆ పోటీ మీద నాకు పెద్దగా మనసు లేదు. తినలేని కాయని ఎంత పెంచితే ఏం, అనిపిస్తుంది నాకు.

నాకు ఆశ్చర్యం వేసింది వేరే సంగతికి. మిరపకాయ కొరికితే మనం ఏమంటాం? నోరు మండుతోంది అంటాం. నిప్పునీ మంట అంటాం. ఒకే మాట. డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త, ఈ క్యాప్సైసిన్ మన నరాల్లో దేన్ని తాకుతుందా అని వెతికితే, అది వేడిని పసిగట్టే తలుపే అని తేలింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకునే తలుపు, మిరప తగిలినా తెరుచుకుంటుంది. అంటే మెదడుకి నిజంగానే కాలింది అనే కబురు వెళుతుంది. నోరు కాలదు, కాలిందన్న కబురు మాత్రం వెళుతుంది. ఆ పనికి ఆయనకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకొకరితో కలిపి. మన పెద్దవాళ్ళు రెంటికీ ఒకే మాట ఎందుకు వాడారో, ఆ నోబెల్ సంగతి చదివాక తెలిసి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

మరి రామచిలక్కి పండు మిరపకాయ పెడితే హాయిగా తింటుందే? దాని నోరు మండదా? మండదు. పక్షుల్లో ఆ తలుపు మిరపకి తెరుచుకోదు. జంతువులు కొరికి గింజ నమిలేస్తాయి, మిరపకి నష్టం. పక్షి గింజని నమలదు, మింగి ఎక్కడో దూరంగా విడుస్తుంది, అక్కడ మొలుస్తుంది. మా మిద్దె మీదికి బుల్‌బుల్ పిట్టలు వచ్చి కాంతారి పళ్ళు ఎత్తుకుపోతాయి. వల కట్టమన్నారు. నేను కట్టలేదు, రెండు మొక్కలు వాటికే వదిలేశాను.

మంట పుడితే నీళ్ళు తాగకండి. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పెరుగు, పాలు తీసుకోండి, వాటిలో ఉన్న కేసీన్ దాన్ని పట్టుకుని లాక్కుపోతుంది. చివర్లో పెరుగన్నం ఎందుకు పెట్టుకున్నామో మన భోజనంలోనే తెలుస్తోంది. చేతులకి అంటితే ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బు. మా అమ్మ చేసింది సరైన పనే, సబ్బు ఒక్కటి మర్చిపోయేది.

పళ్ళెం ఎక్కడిదాకా వచ్చింది? అందులో లావుగా, టమాటా రంగులో ఉన్న కాయ ఒకటుంది, పైకెత్తి చూపించండి. అది వరంగల్ చపాటా. టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొరికి చూడండి, భయం లేదు. కారం చాలా తక్కువ. మరి దానికి అంత ధర ఎందుకు? రంగుకి. ఆ ఎరుపు తీసి ఆహార పదార్థాల్లో రంగుగా వాడతారు. చిటికెడు పొడి వేస్తే పులుసు కుంకుమ కలిపినట్టు ఉంటుంది. ఆ కాయ పెంచాక కారాన్ని ఒక్క మంటతోనే తూచడం మానేశాను. కాంతారికి మంట చురుక్కుమని వచ్చి చటుక్కున పోతుంది. నాగా మిర్చిలో మంట కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, దానికి ముందు పండిన పండు వాసన ఒకటి వస్తుంది, అంత ఘాటు కాయలో అంత మంచి వాసన ఉంటుందని అనుకోం. తేజది గొంతులో దిగే ఘాటు. సన్నానిది నాలుక మీద నిలిచే కారం. పక్కపక్కన పెట్టి తింటేనే ఇది తెలుస్తుంది.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి చెప్పి ముందుకెళ్తాను. 2021 చివర, 2022 మొదట్లో రెండు రాష్ట్రాల్లోనూ మిరప చేలని నల్ల తామర పురుగు తినేసింది. గుర్తుందా మీకు? పాత తామర పురుగు ఆకుల మీద ఉండేది, ఇది పువ్వులో దూరుతుంది. ఒక్కో పువ్వులో పది, ఇరవై. పూతంతా రాలిపోతుంది. అన్నయ్య రెండెకరాలు వేశాడు. నిండా పూత ఉండి కాయ లేదు. ఏ మందు కొట్టినా లొంగలేదు. డబ్బు పెట్టి పెట్టి, చివరికి జనవరిలో చేను దున్నేశాడు. ఆ వారమే మా మిద్దె మీద కూడా కనిపించింది. నేను పొద్దున్నా సాయంత్రం కూర్చుని పురుగు ఉన్న పూలన్నీ కోసి సబ్బునీళ్ళ డబ్బాలో వేశాను. పది రోజులు అదే పని. 12 కుండీలు కాబట్టి చెయ్యగలిగాను. నా మొక్కలు నిలబడ్డాయి. అన్నయ్యకి చెప్పడానికి నోరు రాలేదు. రెండెకరాల్లో ఎన్ని వేల మొక్కలు, ఎన్ని లక్షల పూలు? ఎవరు ఏరగలరు?

నేను చెప్పేది ఇదే అండీ. మనం మిద్దె మీద నాలుగు మిరపకాయలు కోసుకుని, పొలంలోవాళ్ళు మందులు ఎక్కువ కొడతారని అనడం తేలిక. నేనూ అన్నాను ఒకప్పుడు. కుండీలో ఒక్క మొక్కని ముడత నుంచి కాపాడాలంటే ఎంత పనో చేసి చూశాక, ఇంకెప్పుడూ అనలేదు.

సరే, కుండీల సంగతి త్వరగా చెప్పేస్తాను, ప్రశ్నలకి టైం ఉండాలి. 12 అంగుళాల కుండీ చాలు, నాగా మిర్చికైతే 15. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమానంగా, గుప్పెడు వేపపిండి. మన ఊళ్ళో జూన్, జూలైలో ఒకసారి, జనవరి చివర్లో ఒకసారి నారు పోసుకోండి. 35, 40 రోజుల నారు నాటండి. మొక్క రెండుగా చీలే చోట వచ్చే మొదటి పువ్వు గిల్లెయ్యండి, మొక్క బలం పుంజుకుంటుంది. మధ్యాహ్నం ఆకు వాలిందని నీళ్ళు పొయ్యకండి, సాయంత్రానికి దానంతటదే లేస్తుంది. మట్టిలో రెండంగుళాలు వేలు పెట్టి చూడండి, పొడిగా ఉంటేనే పొయ్యండి. మిరప ఎండకి చావదు, వేరు కుళ్ళి చస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పూత రాలితే కంగారు పడకండి, 35 డిగ్రీలు దాటితే రాలుతుంది. పచ్చ వల కట్టి ఓపిక పట్టండి. మే చివర్లో కొమ్మలు సగానికి కత్తిరిస్తే తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. మిరప ఒక్క ఏడాది మొక్క కాదు. 2020లో మిగిలిన ఆ ఒక్క మొక్క నాలుగేళ్ళు కాసింది మాకు.

పోయిన ఫిబ్రవరిలో మొదటిసారి మిద్దె మీది పండు మిరపకాయలు కిలో లెక్క తేలాయి. కొరివికారం పెట్టాను. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, తడి చుక్క లేకుండా తుడిచాను. కిలోకి పావుకిలో కొత్త చింతపండు, పావుకిలోకి కాస్త తక్కువ ఉప్పు, పసుపు. దంచి జాడీలో పెట్టి, మూడో రోజు తీసి మెత్తగా నూరి మెంతిపిండి కలిపాను. కిలో సన్నం కాయల్లోకి నాగా మిర్చి ఒక్కటే వేశాను. ఒక్కటే చాలు. ఘాటు కోసం కాదు, ఆ పండు వాసన కోసం. కొంచెం సీసాలో పెట్టి అన్నయ్యకి పంపాను. వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాడట. ఫోన్ చేసి అడిగాడు, "అమ్మాయ్, ఇందులో మన కాయ కానిది ఏదో ఉంది, ఏం కాయ?" చెప్పాను. గింజలు పంపమన్నాడు. ఈ జూన్‌లో గట్టు మీద 4 మొక్కలు పెట్టాడు.

చివరగా, బల్ల మీద చిన్న చిన్న కవర్లున్నాయి. ఒక్కోదానిలో 10 గింజలు. కవరు మీద రకం పేరు, కోసిన తేదీ రాశాను. మిరప పూలు పక్క మొక్క పుప్పొడి కలిసి రకం మారిపోతుంటాయి. ఈ ఏడాది కాయ మారదు, దాని గింజ వేస్తే వచ్చే ఏడాది తేడా వస్తుంది. అందుకని మొగ్గ విచ్చకముందే పల్చటి వలసంచి కట్టి, రోజూ వేలితో తట్టి, ఆ కాయల గింజలే తీశాను. నిక్కమైన రకాలు ఇవి. మనిషికి రెండు కవర్లు తీసుకోండి. నాగా మిర్చి తీసుకునేవాళ్ళు 26 రోజులు ఆగడానికి సిద్ధపడి తీసుకోండి, 15వ రోజున ట్రే పారబొయ్యకండి. ముడత వస్తే ముందు ఆకు తిప్పి ఫొటో తీసి నాకు పంపండి, పైకి ముడిచిందో కిందికి ముడిచిందో అందులో కనిపించాలి. ఇప్పుడు అడగండి, ఎవరు ముందు? ఆ, నీలం చీర అక్కయ్య, చెప్పండి.